సరంగు వద్దంటే వద్దే

శనివారం తెల్లవారుజాము నాలుగున్నర. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఐసు దిమ్మలు పగలగొడుతున్న చప్పుడు. నలుగురు మిత్రులం మాట్లాడుకున్న ఫైబర్ పడవ సిద్ధంగా ఉంది. గాలాలు, ఎరకు రొయ్యలు, పులిహోర పొట్లాలు సర్దేశాం. సరంగు మాత్రం తూర్పు దిక్కు చూసి, "ఇవాళ వద్దు బాబూ, గాలి మారింది" అన్నాడు. మనసు చివుక్కుమంది. తొమ్మిదింటికల్లా కెరటాలు గట్టు మీదికి ఎగిరిపడుతుంటే ఆ మాట విలువ తెలిసింది.

సరదా వేటకూ నియమాలున్నాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమది. మిగతా రోజుల్లోనూ హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ ఇచ్చే అలల, గాలుల సూచన ముందురోజే చూసుకోవాలి. తలకొక లైఫ్ జాకెట్, సరిపడా మంచినీళ్లు ఉండాలి. ఎప్పటికి తిరిగొస్తామో ఒడ్డున ఒకరికి చెప్పి వెళ్లాలి. తీర రక్షక దళం నంబరు 1554 గుర్తుండాలి.

పడవ బేరం నుంచి కోనాం పులుసు దాకా ఈ సంచికలో అన్నీ ఉన్నాయి. చదివి బయల్దేరండి. సరంగు వద్దంటే మాత్రం వెనక్కి వచ్చేయండి. సముద్రం ఎక్కడికీ పోదు, వచ్చే ఆదివారమూ అక్కడే ఉంటుంది.

- సంపాదకుడు