దవడ టక్కుమంటోందా?

ఆవులిస్తే చెవి పక్కన టక్కుమంటుంది. జంతిక కొరికితే చెంప లాగేస్తుంది. పొద్దున లేచేసరికి దవడలు బిగుసుకుపోయి కణతలు నొప్పి పెడతాయి. చెవిపోటేమోనని కొందరు చెవిలో చుక్కలు వేసుకుంటారు. పిప్పిపన్నేమోనని కొందరు బాగున్న పన్ను పీకించుకుంటారు. పన్ను పోతుంది కానీ నొప్పి పోదు. ఎందుకంటే చాలామందిలో ఆ బాధ చెవిదీ కాదు, పన్నుదీ కాదు. దవడ కీలుది, దాన్ని ఆడించే కండరాలది. మగవారి కంటే ఆడవారిలో ఇది ఎక్కువ.

ఎందుకీ చప్పుడు?

చెవికి సరిగ్గా ముందు వేలు ఆనించి నోరు తెరిచి చూడండి. వేలి కింద కదిలేదే దవడ కీలు. ఇది తలుపు బందులా తిరుగుతుంది, సొరుగులా ముందుకు జారుతుంది కూడా. రెండు ఎముకల మధ్య ఒక చిన్న మెత్తటి బిళ్ల ఉంటుంది. అది పక్కకు తప్పుకుని, నోరు తెరిచినప్పుడు మళ్లీ తన చోటుకి వచ్చినప్పుడే ఆ టక్. నొప్పి లేకుండా, నోరు బాగానే తెరుచుకుంటుంటే ఈ చప్పుడుకి చికిత్స అక్కర్లేదు. మీ చేతి మూడు వేళ్లు నిలువుగా నోట్లో పడుతున్నాయా? అయితే కంగారు పడకండి.

ముందు విశ్రాంతి

'మ్‌' అనండి. పెదవులు కలిసే ఉంటాయి, పళ్లు మాత్రం కలవవు. నాలుక కొసను పై ముందు పళ్ల వెనక, అంగిలి మొదలయ్యే చోట మెల్లగా ఆనించండి. మాట్లాడనప్పుడు, తిననప్పుడు దవడ ఉండాల్సిన తీరు ఇదే. కోపంలోనో, కంప్యూటరు ముందో, బండి నడుపుతూనో తెలియకుండానే పళ్లు బిగబట్టే అలవాటు చాలామందికి ఉంటుంది. రోజులో గుర్తొచ్చినప్పుడల్లా 'మ్‌' అనుకోండి.

నొప్పి ఉన్నన్నాళ్లు చెరకు, వేరుశనగ చిక్కీ, చూయింగ్‌ గమ్‌ మానేయండి. పెద్ద ముద్దలు వద్దు. ఆవులింత వచ్చినప్పుడు గడ్డం కింద పిడికిలి ఆనించండి. గోరువెచ్చని నీటిలో పిండిన గుడ్డతో పది పదిహేను నిమిషాలు చెంపకు కాపడం పెట్టండి.

ఇంట్లో చేసే వ్యాయామాలు

* నాలుకను అంగిలికి ఆనించి ఉంచి, అది ఊడిరానంత మేరకే నోరు తెరిచి మూయండి.
* అద్దం ముందు ఇదే చేయండి. గడ్డం పక్కకు పోతుంటే వేగం తగ్గించి తిన్నగా తెరవండి.
* గడ్డం కింద బొటనవేలు పెట్టి చాలా తేలిగ్గా అడ్డుకుంటూ కొద్దిగా నోరు తెరవండి. అయిదారు సెకన్లు ఆగి వదలండి.
* తిన్నగా కూర్చుని, తల వంచకుండా గడ్డాన్ని వెనక్కి లాక్కోండి. మెడ ముందుకు వాలితే దవడ కండరాల మీద కూడా భారం పడుతుంది.
* పళ్లు కొద్దిగా బిగిస్తే చెంపలో కండరం ఉబుకుతుంది. చోటు గుర్తుపట్టి, దవడ వదులు చేసి, రెండు వేళ్లతో నిమిషం పాటు గుండ్రంగా రాయండి.

చిలీ దేశపు ఫిజియోథెరపిస్టు మరియానో రొకబాడో ఇలాంటి వ్యాయామాలకే ఒక తేలికైన లెక్క పెట్టారు: ఒక్కొక్కటి ఆరుసార్లు, రోజుకు ఆరు విడతలు. బలం కన్నా క్రమం ముఖ్యం. నొప్పి పెరిగితే ఆపేయండి.

చేతి చికిత్స ఎవరితో?

ఇది తెలిసిన ఫిజియోథెరపిస్టు గ్లవుజు వేసుకుని, కింది దవడపళ్ల మీద బొటనవేలు ఉంచి కీలును మెల్లగా కిందికి, ముందుకి లాగుతారు. చెంప లోపలి కండరాల్లో గడ్డకట్టినట్లున్న చోట్లను నొక్కి వదులు చేస్తారు. ఇంట్లోవాళ్లతో దవడ లాగించుకోవడం, మెడ విరిపించుకోవడం మాత్రం వద్దు.

మూడు నెలలు దాటిన దవడ నొప్పికి ఏది మేలని పరిశోధనలన్నీ పరిశీలించి, బ్రిటిష్‌ మెడికల్‌ జర్నల్‌ 2023 డిసెంబరులో మార్గదర్శకాలు ప్రచురించింది. పర్యవేక్షణలో చేసే దవడ వ్యాయామాలు, చేతి చికిత్స, నొప్పిని తట్టుకునే తీరు నేర్పే కౌన్సెలింగ్‌ వంటివాటిని గట్టిగా సమర్థించింది. కీలులోని బిళ్లను తీసేసే ఆపరేషను, పళ్ల అమరికను శాశ్వతంగా మార్చే తొడుగులు వద్దని అంతే గట్టిగా చెప్పింది. కాబట్టి పళ్లు అరగదీయాలనో, ఆపరేషను చేయాలనో ఎవరైనా అంటే తొందరపడకండి. మరో వైద్యుడి సలహా తీసుకోండి. వ్యాయామం సరిపడకపోతే ఆపేయవచ్చు. అరగదీసిన పన్ను తిరిగి రాదు.

ఆలస్యం చేయకూడనివి

నడిస్తే దవడ నొప్పి వచ్చి ఆగితే తగ్గినా, ఛాతీలో బరువు, చెమటలు తోడైనా అది గుండె సమస్య కావచ్చు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. తెరిచిన నోరు మూతపడకపోయినా అంతే, సొంతంగా నెట్టకండి. యాభై దాటినవారికి కొత్తగా కణత నొప్పి, నమిలితే దవడ నొప్పి, చూపు మసక వస్తే అదేరోజు డాక్టరుకి చూపించాలి. దెబ్బ తగిలినా, వాపు, జ్వరం ఉన్నా వ్యాయామాలు మొదలుపెట్టకండి.

గుట్కా, వక్క నమిలేవారికి కారం తగిలితే నోరు మండుతూ, బుగ్గలు గట్టిపడి, నోరు రోజురోజుకీ తక్కువగా తెరుచుకుంటుంటే అది కీలు జబ్బు కాదు. క్యాన్సరుకు దారితీయగల జబ్బు. ఆ అలవాటు ఆరోజే మానేసి దంతవైద్యుడికి నోరు చూపించాలి.