పాతికేళ్ళు నిండితే దోషం పోతుందా?

ఛందస్సూ వ్యాకరణమూ తప్ప వేరొకటి వ్రాయని ఈ పంతులు కార్ల మీద పడ్డాడేమిటని నా పాత పాఠకులు విస్తుపోవచ్చు. నాకు కారు నడపడం రాదు. ఉద్యోగమున్నన్నాళ్ళూ సైకిలు, ఆపైన స్కూటరు, అంతే. అయినా ఒక కారు విషయమై నా కుటుంబంలో ఐదేళ్ళపాటు సాగిన వ్యవహారం చూచిన మీదట, ఒక చట్టంలోని తర్కదోషాన్ని ఎత్తిచూపకుండా ఉండలేకపోతున్నాను. కారు తెలియకపోయినా తర్కం కొంత తెలుసును గదా!

మా అమ్మాయి కాపురం కెనడాలోని వాంకూవరులో. అబ్బాయి ఉద్యోగం అమెరికాలోని సియాటిల్లో. రెండూ పసిఫిక్ తీరపు నగరాలే. ఒకే జాతి వాన, రోడ్డుకు కుడివైపున నడిచే ఒకే పద్ధతి. నడుమ ఒక సరిహద్దు. అక్కడ ఆలస్యం కాకపోతే మూడు గంటల ప్రయాణం. 2019 వేసవిలో మేము దంపతులం వాంకూవరు వెళ్ళేసరికి, మా అమ్మాయి కొడుకు రెండేళ్ళు పనిచేసి కూడబెట్టిన సొమ్ముతో జపాను నుండి ఒక పాత కారు తెప్పించుకొని ఉన్నాడు. నిస్సాన్ వారి సిల్వియా, ఎస్15 అని పిలిచే ఆఖరి తరం. 1999లో తయారైనది. రెండు లీటర్ల టర్బో ఇంజను, ఆరు గేర్లు, రెండే తలుపులు. వెనుక సీటులోకి దూరడం మా ఆవిడకు ఒక ప్రాయశ్చిత్తం వంటిది.

ఆ ఊళ్ళో ఇటువంటివి కొల్లలు. స్కైలైన్లు, సిల్వియాలు, పిల్లాపాపలున్నవారు కొనుక్కునే మిత్సుబిషి డెలికా వ్యానులు, అన్నీ జపానులో నడిచి నడిచి సముద్రం దాటి వచ్చినవే. కారణం కెనడా నియమం. తయారై 15 ఏళ్ళు నిండిన బండిని ఆ దేశపు భద్రతా ప్రమాణాలతో నిమిత్తం లేకుండా దిగుమతి చేసుకోవచ్చు. ఆపైన రాష్ట్రం వారి తనిఖీలో నెగ్గాలి. జపానులో కొత్త కారుకు మూడేళ్ళకు, ఆపైన రెండేళ్ళకొకమారు 'షాకెన్' అనే తనిఖీ తప్పనిసరి. బండి పాతబడేకొద్దీ ఆ ఖర్చు భారమై, చక్కగా నడిచే కారును సైతం యజమాని వేలానికి పంపుతాడు. అక్కడ వదిలించుకున్నది ఇక్కడ వరమవుతుంది.

మనవడు వేలం కాగితం ఒకటి నా ముందుంచి అర్థం చెప్పాడు. కారు బొమ్మ మీద అక్షరాలు, అంకెలు. ఏ అంటే గీత, యూ అంటే సొట్ట, డబ్ల్యూ అంటే మరమ్మతు చేసిన చోటి ఎగుడుదిగుడు, ఎస్ అంటే తుప్పు. పక్కనున్న అంకె పెరిగేకొద్దీ దోషం పెద్దది. గురులఘువుల గుర్తులు వేసి పద్యపాదాన్ని విప్పినట్లుగా, అదంతా చూచి ఆ కారు చరిత్ర విప్పి చెప్పాడు. ఇందుకోసం వాడు జపనీయుల కటకానా లిపి కూడా నేర్చుకున్నాడు. తెలుగు అక్షరాలు నేర్పబోతే నాలుగు రోజులు కూర్చోని పిల్లవాడు! ముందు కోపం వచ్చిన మాట నిజం. తరువాత సిగ్గు వేసింది. ప్రేమ ఉన్న చోట లిపి అడ్డం కాదని పాఠం చెప్పినవాణ్ని నేనే.

ఇక అసలు సంగతి. ఆ వేసవిలోనే వాడు ఆ కారు వేసుకొని సియాటిల్ వచ్చాడు. మా అబ్బాయి కొడుకు దాన్ని చూచి మనసు పారేసుకున్నాడు. కాని వాడు అమెరికా వాసి. అక్కడి నియమం ప్రకారం ఆ దేశపు ప్రమాణాలకు తయారుకాని కారు 25 ఏళ్ళు నిండితేగాని స్వేచ్ఛగా దిగుమతి కాదు. ఎస్15 తయారీ మొదలైనదే 1999లో. కాబట్టి వాడికి 2024 దాకా యోగం లేదు.

ఇక్కడ నాకొక సందేహం కలిగింది. మరి ఈ కారు సియాటిల్ వీధిలో ఎట్లా నిలబడి ఉంది? కెనడా వాసి తన పేరిట నమోదైన బండిని సొంత వాడకానికి ఏడాది వరకు తాత్కాలికంగా అమెరికాకు తీసుకొని రావచ్చునట! అదే కారు, అదే రోడ్డు, అదే వాన. మేనత్త కొడుకు నడిపితే చట్టసమ్మతం, మేనమామ కొడుకు కొనుక్కుంటే నిషిద్ధం. నిషేధం చక్రాలకా, చేతులకా?

నిషేధాన్ని సమర్థించేవారి వాదాలను పూర్వపక్షాలుగా పెట్టి, ఒక్కొక్కటే పరిశీలిస్తాను.

మొదటిది భద్రత. తగిన పరీక్షలు లేని కారు ప్రాణాంతకం కావచ్చునంటారు. సరే. కాని 24 ఏళ్ళ 11 నెలల నాడు ప్రమాదకరమైన కారు, మరుసటి నెలలో ఏ స్నానం చేసి పవిత్రమైంది? లెక్క తయారైన నెలతో సహా చూస్తారు. ఉక్కు కాలక్రమేణా గట్టిపడుతుందా? రబ్బరు పండుతుందా? వయసు పెరిగేకొద్దీ తుప్పు పెరుగుతుందని వేలం కాగితమే చెబుతోంది. హేతువు సాధ్యానికి విరుద్ధంగా ఉంటే దాన్ని విరుద్ధ హేత్వాభాసమని మన తార్కికులు పేరు పెట్టారు. భద్రతకు వార్ధక్యాన్ని హేతువుగా చెప్పడం సరిగ్గా ఇదే.

రెండవది పొగ. పాత కారు గాలిని చెరుపుతుందంటారు. నిజమే. అయితే కొత్తదాన్ని ఆపి, అది పాతబడ్డాక రానివ్వడమేమిటి? పైగా అదే అమెరికాలో పర్యావరణ శాఖవారు మార్పులు చేయని కారుకు 21 ఏళ్ళకే మినహాయింపు ఇస్తారు. రవాణా శాఖవారికి 25 కావాలి. సరిహద్దుకు ఆవల 15. ఒకే బండికి మూడు వయోపరిమితులు! ఇందులో శాస్త్రం ఏది, సర్దుబాటు ఏది?

మూడవది బలమైన వాదం. దాన్ని దాచను. ఈ కార్లకు చక్రం కుడివైపున ఉంటుంది. మన ఆంధ్రదేశపు రోడ్డుకు అది సహజం, అక్కడి రోడ్డుకు ఎదురు. వాంకూవరు ఉన్న బ్రిటిష్ కొలంబియాలో ప్రభుత్వ బీమా సంస్థవారు చేసిన అధ్యయనంలో, కుడిచక్రపు బండ్లకు తప్పు తమదైన ప్రమాదాల అవకాశం 40 శాతానికి పైగా ఎక్కువని తేలింది. ఇది తోసిపుచ్చదగిన మాట కాదు. నేనే అనుభవించాను. విస్లర్ వెళ్ళే కొండదారిలో, ఒకే వరుస ఉన్న చోట, మా ముందొక లారీ. ఎడమ సీటులో ఉన్న నాకు ఎదుటి దారి కనబడుతోంది, చక్రం పట్టిన వాడికి లారీ వీపు తప్ప మరేమీ కనబడదు. "ఖాళీగానే ఉందిరా, దాటెయ్యి" అన్నాను. వాడు దాటలేదు. "నీ మీద నమ్మకం లేక కాదు తాతయ్యా, నా కళ్ళతో చూడనిదే దాటను" అని, రెండో వరుస వచ్చేదాకా లారీ వెనుకే ఓపికగా నడిపాడు. నేను ఇచ్చిన సలహాకు నాకే గుండె ఝల్లుమంది.

కాని ఆలోచించండి. ఆ ప్రమాదం చక్రం ఉన్న చోటు వల్ల వచ్చినది. పాతికేళ్ళు నిండిన నాడు ఆ చక్రం ఎడమకు జరుగుతుందా? జరగదు. కాబట్టి దానికి మందు వేరు. నడిపేవాడికి శిక్షణ కావాలి, బండికి తనిఖీ కావాలి. ఎడమ నడకకు అమర్చిన హెడ్‌లైట్లు కుడి నడక రోడ్డు మీద ఎదుటివాడి కళ్ళలో కొడతాయి. మావాడు వాటిని మార్పించాకనే తనిఖీలో నెగ్గాడు. అది భద్రత. తయారైన తేదీ చూచి తల ఊపడం భద్రత కాదు.

అయితే ఈ నియమం ఎందుకు పుట్టింది? 1980లలో డాలరు బలిసిన రోజుల్లో అమెరికావారు జర్మనీ నుండి మెర్సిడెస్ వంటి కార్లను నేరుగా తెప్పించుకోసాగారు. అక్కడి అధికృత విక్రేతల బేరం దెబ్బతింది. వారూ తయారీదారులూ గట్టిగా ఒత్తిడి తెచ్చారు. 1988లో కొత్త చట్టం వచ్చింది. అందులో భద్రత పేరు ఉన్నది, భద్రత కొంత ఉన్నదేమో కూడా. కాని ఆ చట్టానికి జోలపాట పాడింది వర్తకులు. అంత పాత బండ్లు వచ్చేవి కొద్ది, నడిచేది తక్కువ గనుక హాని తక్కువ అని ఒక సమర్థన. అదే నిజమైతే సంఖ్యకు హద్దు పెట్టండి. వయసును అడ్డం పెట్టుకోవడమెందుకు?

దీని ఫలితం ఇంకొకటి ఉన్నది. నాకు అన్నిటికంటె బాధ కలిగించినది అదే. గడువు తేదీ ముందే తెలుసు గనుక, దాన్ని పంచాంగంలా పట్టుకొని కూర్చునే వర్తకులు పుట్టుకొచ్చారు. 1989లో వచ్చిన ఆర్32 స్కైలైన్ జీటీ-ఆర్ అమెరికాకు 2014లో అర్హమైంది. జపాను టూరింగ్ కార్ల పందేలలో 1990 నుండి 1993 వరకు తాను పాల్గొన్న 29 పందేలూ గెలిచిన జాతి అది. ఆర్34 వంతు 2024లో వచ్చింది. గడువు దగ్గరపడిన ప్రతి మోడలుకూ ధర ఎక్కడం ఆ రంగంలో అందరూ ఎరిగినదే. నడపవలసిన కార్లు గుడ్డలు కప్పుకొని గోదాములలో పండుకుంటున్నాయి. చదవవలసిన తాళపత్రాన్ని ధర కోసం బీరువాలో బిగించడానికీ దీనికీ భేదమేమిటి?

2024 వచ్చింది. సియాటిల్ మనవడు ఐదేళ్ళు దాచిన డబ్బు, 2019లో అయితే ఒక మంచి సిల్వియాకు సరిపోయేది. ఇప్పుడు చాలలేదు. ఫోనులో "తాతయ్యా, చట్టం ఒప్పుకుంది, నా డబ్బే ఒప్పుకోలేదు" అని నవ్వాడు. ఆ నవ్వులో నవ్వు లేదు. ఈ ఐదేళ్ళూ చట్టం వాడిని దేని నుండి కాపాడింది? వాడు కొనదలచుకున్న కారును ఐదేళ్ళు ముసలిదాన్ని చేసి, ఆపైన వాడికి అందకుండా చేసింది.

"రాత్రిళ్ళు వీధుల్లో పందేలు వేసే పోకిరీల పక్షం వహిస్తున్నారా మాస్టారూ?" అని ఎవరైనా అడగవచ్చు. లేదు. వీధిలో పందెం వేసేవాడు ఏ దేశపు కారులో ఉన్నా శిక్షార్హుడే. అయితే వాడి నేరం వేగం, కారు పుట్టిన దేశం కాదు. తప్పు వ్రాసిన పిల్లవాడికి మార్కులు తగ్గిస్తాముగాని, వాడి సిరా ఏ ఊరిదని అడగము.

మన దేశాన్ని చూచి మురిసిపోవలసిన పనీ లేదు. ఇక్కడ లెక్క తలకిందులు. వాడిన కారు దిగుమతికి మూడేళ్ళు దాటరాదన్నది నియమం, పైగా కారు వెలను మించే సుంకం. కుడిచక్రం సహజంగా అమరే విశాఖ సముద్రతీరానికి ఆ కార్లు రావు. అమరని తీరానికి ఆలస్యంగా వెళ్తాయి!

నేను అడిగేది గొంతెమ్మ కోరిక కాదు. పొరుగుదేశం చేస్తున్నట్లు 15 ఏళ్ళకు రానివ్వండి. వచ్చినదాన్ని కఠినంగా తనిఖీ చేయండి. బ్రేకు, దీపం, తుప్పు, పొగ, నడిపేవాడి నేర్పు, అన్నీ చూడండి. నెగ్గనిదాన్ని వెనక్కు పంపండి. ముప్ఫయ్యేళ్ళకు పైగా జవాబు పత్రాలు దిద్దినవాణ్ని. ఏ పిల్లవాడికీ పుట్టినతేదీ చూచి మార్కులు వేయలేదు. పరీక్ష పెట్టే ఓపిక లేనివాడే వయసు అడుగుతాడు.

నా వాదంలో దోషముంటే పెద్దలు ఎత్తిచూపండి. దిద్దుకుంటాను. దానికి పాతికేళ్ళ గడువు మాత్రం పెట్టకండి. నేను అందుకోలేను.