నిండు ఖజానా ఓట్లు తేదు

ఖజానాలో మిగులు ఉంటే అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో అధికార పార్టీకి తిరుగుండదన్న నమ్మకం అక్కడి రాజకీయ విశ్లేషణల్లో పాతుకుపోయింది. 2000లో ఉపాధ్యక్షుడు అల్ గోర్ ఓడిపోయినా అది చెక్కుచెదరలేదు. చేతికందిన వరాన్ని ఆయన వాడుకోలేకపోయారనీ, లోపం అభ్యర్థిదే తప్ప మిగులుది కాదనీ తీర్పు చెప్పి ఊరుకున్నారు. ఆ తీర్పు తలకిందులుగా ఉంది. మిగులు దాన్ని కూడబెట్టినవారి కంటే వారి ప్రత్యర్థికే ఎక్కువ అక్కరకొస్తుంది.

1992లో బడ్జెట్ లోటు 29,000 కోట్ల డాలర్లు. అధ్యక్షుడు బిల్ క్లింటన్ హయాంలో అది ఏటా తగ్గుతూ 1998లో 6,900 కోట్ల మిగులుగా మారింది. 1969 తర్వాత అదే మొదటి మిగులు. 2000 నాటికి 23,600 కోట్లకు చేరింది. లోటు రోజుల్లో పన్నులు తగ్గిస్తానన్న అభ్యర్థికి ఎదురయ్యే మొదటి ప్రశ్న: డబ్బు ఎక్కణ్నుంచి తెస్తారు? గోర్ ప్రత్యర్థి, టెక్సస్ గవర్నర్ జార్జ్ బుష్ పదేళ్లలో 1.3 లక్షల కోట్ల డాలర్ల పన్ను కోత ప్రకటించినప్పుడు దానికి జవాబు వెతుక్కునే పని పడలేదు. క్లింటన్, గోర్‌లే ఎనిమిదేళ్లపాటు ఆ డబ్బు సమకూర్చిపెట్టారు. మిగులు సర్కారు సొమ్ము కాదు, ప్రజల సొమ్ము అన్నదే బుష్ ప్రచారానికి పల్లవి అయింది.

గోర్ చేతులు కట్టేసింది కూడా ఆ మిగులే. 23,600 కోట్లలో దాదాపు 15,000 కోట్లు సోషల్ సెక్యూరిటీ ఖాతావి, అంటే వృద్ధాప్య పింఛన్ల కోసం ఉద్యోగుల నుంచి, యజమానుల నుంచి వసూలైనవి. 1998 లెక్కలోంచి ఆ ఖాతాను తీసేస్తే మిగులు మాయమై 3,000 కోట్ల లోటు బయటపడుతుంది. కాబట్టి ఆ సొమ్ము జోలికి ఎవరూ పోకూడదన్న గోర్ వాదన లెక్కప్రకారం సబబే. ఓట్ల ప్రకారం మాత్రం కాదు. అక్టోబరు 3న బోస్టన్‌లో జరిగిన తొలి చర్చలో బుష్ మిగులును వాటాలు వేసి చూపించారు: సగం సోషల్ సెక్యూరిటీకి, పావు ముఖ్యమైన పథకాలకు, పావు పన్ను కట్టినవారికి. గోర్ సోషల్ సెక్యూరిటీ సొమ్మును 'లాక్‌బాక్స్'లో, అంటే తాళం వేసిన పెట్టెలో, పెడతానన్నారు, మళ్లీ మళ్లీ అదే అన్నారు. 'సాటర్డే నైట్ లైవ్' హాస్య కార్యక్రమం ఆ మాటను పట్టుకుని ఆడుకుంది. ఒకరు వడ్డిస్తామంటూ, మరొకరు వంటింటికి తాళం వేస్తామంటూ ఉంటే పంక్తిలో కూర్చున్నవారు ఎటు చూస్తారు?

ఓటమికి ఫ్లోరిడాలో 537 ఓట్ల తేడా, మూడో అభ్యర్థి రాల్ఫ్ నాడర్ పోటీ, క్లింటన్ కుంభకోణం కారణాలు కావా అని అడగవచ్చు. అవుతాయి. అయితే చెప్పుకునేంత బలమే మిగులుకు ఉంటే వ్యవహారం 537 ఓట్ల దాకా వచ్చేదే కాదు. రాజకీయ శాస్త్రవేత్తల అంచనాలు సైతం గోర్ సునాయాసంగా గెలుస్తారనే చెప్పాయి. దేశం మొత్తం మీద ఐదు లక్షలకు పైగా ఓట్లు ఎక్కువ తెచ్చుకుని, రాష్ట్రాలవారీగా లెక్కించే ఎలక్టోరల్ ఓట్లలో 266-271తో ఆయన ఓడారు.

ఇలాంటి ఓటమి అంతకు ముందూ ఉంది. 1880లలో దిగుమతి సుంకాల రాబడితో ట్రెజరీ పొంగిపొర్లింది. ఆ డబ్బంతా చలామణీలోంచి వచ్చి ప్రభుత్వం దగ్గర పోగుపడటం ప్రమాదమని భావించిన డెమొక్రాటిక్ అధ్యక్షుడు గ్రోవర్ క్లీవ్‌లాండ్, 1887 డిసెంబరు వార్షిక సందేశాన్ని పూర్తిగా ఈ ఒక్క విషయానికే కేటాయించి, సుంకాలు తగ్గించాలన్నారు. అంతర్యుద్ధ సైనికుల పింఛన్లను విస్తరించే బిల్లును ఆ ఏడాదే ఆయన వీటో చేసి ఉన్నారు. రిపబ్లికన్లకు ఇంకేం కావాలి? సుంకాలు ఉంచుతాం, పింఛన్లు పెంచుతాం అన్నారు. 1888లో క్లీవ్‌లాండ్‌కు దేశవ్యాప్తంగా ఎక్కువ ఓట్లే పడ్డాయి. సొంత రాష్ట్రం న్యూయార్క్ మాత్రం సుమారు 14 వేల ఓట్ల తేడాతో చేజారి, రిపబ్లికన్ అభ్యర్థి బెంజమిన్ హారిసన్ అధ్యక్షుడయ్యారు.

1960 కథ వేరు. ఐసెన్‌హోవర్ ప్రభుత్వం 1,280 కోట్ల లోటును ఒక్క ఏడాదిలో 30 కోట్ల మిగులుగా మార్చింది. ఆ బిగింపు వెనకే ఏప్రిల్‌లో మాంద్యం మొదలైంది, నవంబరులో అధికార పార్టీ అభ్యర్థి నిక్సన్ స్వల్ప తేడాతో ఓడారు.

1948లో ట్రూమన్, 1956లో ఐసెన్‌హోవర్ మిగులుతోనే గెలిచారన్నది ఎదుటి పక్షం చూపే రుజువు. 1948 ఏప్రిల్‌లో రిపబ్లికన్ కాంగ్రెస్ ట్రూమన్ వీటోను తోసిరాజని పన్నులు తగ్గించేసింది. పంచాల్సింది ఎన్నికలకు ముందే పంచేయడంతో ట్రూమన్ ప్రత్యర్థి థామస్ డ్యూయీకి ఆ వాగ్దానం మిగల్లేదు. ఇక 1956 గెలుపు కొరియా యుద్ధాన్ని ముగించిన సేనాని ప్రతిష్ఠది. దాన్ని ఖజానా ఖాతాలో వేయడం అన్యాయం.

2001 జూన్‌లో బుష్ 1.35 లక్షల కోట్ల డాలర్ల పన్ను కోతపై సంతకం చేశారు. మాంద్యం, సెప్టెంబరు 11 దాడుల తర్వాతి ఖర్చులు తోడై మరుసటి ఏడాదే 15,800 కోట్ల లోటు వచ్చింది. 2004లో లోటు 41,300 కోట్లు, డాలర్లలో అప్పటికి అదే రికార్డు. ఆ నవంబరులో బుష్ మళ్లీ గెలిచారు, ఈసారి దేశవ్యాప్త ఓట్లలోనూ ఆధిక్యంతో.