ఆకాశమున వింత: సాక్ష్యపు విలువ

ఆకాశమున నెఱుగని వస్తువొకటి కానవచ్చెనని వార్త పుట్టినతోడనే జనులు రెండు పక్షములగుదురు. ఒక పక్షమువారు అది యన్యలోకవాసుల వాహనమే యని నిశ్చయింతురు. రెండవ పక్షమువారు చూచినవారి నెల్ల వెఱ్ఱివారని నవ్వుదురు. ఈ రెండును తొందరపాటులే యని మా యభిప్రాయము.

2022వ సంవత్సరము డిసెంబరు 7వ తేదీని హైదరాబాదు పరిసరముల జనులు పెక్కుమంది ఆకసమున తెల్లని గుండ్రని వస్తువును చూచిరి. ఆ దినముననే వికారాబాదు జిల్లా మర్పల్లి మండలమందలి మొగిలిగుండ్ల పొలములలో వింత యాకారము గల పెద్ద యంత్రమొకటి దిగెను. చూడవచ్చిన జనులకు మితిలేదు, పుట్టిన వదంతులకును మితిలేదు. తుదకు తేలిన సత్యమేమన, అది స్పెయిను దేశపు హేలో స్పేస్ అను సంస్థ పరీక్షార్థము పంపిన పేటిక. దానిని పైకి గొనిపోయినది టాటా మౌలిక పరిశోధనా సంస్థవారి హైదరాబాదు కేంద్రమునుండి వదలిన బెలూను. జనులు వస్తువును చూచుట యబద్ధము కాదు. దానికి వారు పెట్టిన పేరే యబద్ధము.

రాడారు యంత్రము కూడ చూపినచో సందేహమేల యని కొంద ఱడుగుదురు. 1952వ సంవత్సరము జూలైలో అమెరికా రాజధానియగు వాషింగ్టనుపై రాడారు తెరలయందు గుర్తులు కనబడెను; వైమానికులు కొందఱు వెలుగులను చూచిరి; యుద్ధవిమానములను పంపిరి. చల్లని గాలిపై వేడిగాలి పొర నిలిచినప్పుడు రాడారు కిరణములు నేలవైపునకు వంగి, భూమిమీది వస్తువులనే యాకాశమున నున్నట్లు చూపునని వైమానిక సేనవారు సమాధానము చెప్పిరి. ఆ తెరలను చూచిన యుద్యోగులు కొందఱు దాని నొప్పుకొనలేదు. మన దేశముననే 2023 నవంబరు 19న ఇంఫాలు విమానాశ్రయమువద్ద నెఱుగని వస్తువు కనబడెనని రాకపోకలు నిలిపిరి; రఫేలు విమానములు వెదకినను ఏమియు దొరకలేదు. కావున పలువురి సాక్ష్యమువలనను, యంత్రసాక్ష్యమువలనను ఏదియో కలదని తోచును గాని, అది యేమో తేలదు. తేలనిదానిని తేలనిదిగానే యుంచుట జ్ఞానమునకు కొఱత గాదు.

పల్లెలలోని మనకీ చర్చ యేల యందురా? పైని చెప్పిన బెలూను కేంద్రమువారు ప్రకటించు హెచ్చరికలలో జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాల పేర్లును గలవు. వారి బెలూనులు 30 మొదలు 42 కిలోమీటర్ల యెత్తునకు పోవును. పిమ్మట పరికరములు రంగుల పారాచూట్లతో నెవరి చేనిలోనైనను దిగవచ్చును. కొన్నిటియందు అధిక విద్యుచ్ఛక్తి యుండును. తెలియక విప్పినచో ప్రాణాపాయము. పండితుల పరిశ్రమయు వ్యర్థము. ముట్టక, దగ్గఱి పోలీసు ఠాణాకు తెలుపుటయే కర్తవ్యము. అట్లు కాపాడినవారికి బహుమానము నిత్తుమనియు వారు ప్రకటించియున్నారు.

విద్యార్థులారా! వింత కనబడినపుడు వేళ, దిక్కు, ఎంతసేపు నిలిచినది, చప్పుడు కలదా లేదా యనువానిని, ఇతరులతో ముచ్చటింపకమున్నే కాగితముపై వ్రాసికొనుడు. ఒకరి మాట విన్న పిమ్మట మన జ్ఞాపకము వారి త్రోవనే పోవును. తలిదండ్రులకును మా మనవి యొకటి: బిడ్డ తాను చూచినది చెప్పినపుడు నవ్వకుడు. నేడు నవ్వులపాలైన బిడ్డ, రేపు చేనిలో నిజముగా నపాయకరమైన వస్తువు కనబడినను నోరు మెదపడు.