తొంబదియారు వార్డుల తీర్పు

ఇంగ్లండు దేశమందలి మాంచెస్టరు నగర సంఘమున 96 మంది కౌన్సిలర్లు గలరు. 2020వ సంవత్సరపు ఎన్నికలలో మన జనగామకు 30 వార్డులు, మహబూబాబాదునకు 36, భూపాలపల్లికి 30. మూడింటిని కూడిన సరిగా 96. ఈ సామ్యము కాకతాళీయమే గాని, పఠన మందిరములో గూర్చుండి ఈ రెండు లెక్కలను ప్రక్కప్రక్కన బెట్టి చూచువానికి ఒక సంగతి తట్టక మానదు. 2021 లెక్కలలో మాంచెస్టరు జనసంఖ్య అయిదున్నర లక్షలు. 2011 లెక్కలలో మన మూడు పట్టణముల జనమును గుదిగ్రుచ్చినను రెండు లక్షలకు లోపే. అనగా ఓటరునకును కౌన్సిలరునకును నడుమనున్న దూరము మనకంటె వారికే మిక్కిలి ఎక్కువ. మన కౌన్సిలరు ఇల్లు మన వాడలోనే యుండును. అతని తాతపేరు మనకు దెలియును, అతని అప్పుల సంగతియు దెలియును. ఇంత చేరువలో పుట్టిన ప్రభుత్వము మన చేతికందకుండ జారిపోవుచున్నదేమి?

2020 జనవరి 22న తెలంగాణమునందు 120 పురపాలక సంఘములకును 9 నగరపాలక సంస్థలకును పోలింగు జరిగెను. యంత్రములు గాక, కాగితపు బ్యాలెట్లనే వాడిరి. 25వ తేదీన పెట్టెలు విప్పిరి. నాడు రాష్ట్రాధికారమందున్న తెలంగాణ రాష్ట్ర సమితి నూటికి మించిన పట్టణములలో నెగ్గెను. మన మూడు పట్టణముల అధ్యక్ష పీఠములును ఆ పక్షమునకే దక్కెను. ఏ పక్షము గెలిచినను మాకు అభ్యంతరము లేదు. ఓటరు ఇచ్చిన తీర్పు ఓటరుది. మేమిప్పుడు విచారింప దలచినది ఆ తీర్పు పెట్టెలోనుండి బయటికి వచ్చిన పిమ్మట ఏమైనదన్న విషయము.

మొదటి మాట అధ్యక్షుని ఎన్నిక. 1987 మొదలు 2000 వరకు ఉమ్మడి రాష్ట్రమున జరిగిన ఎన్నికలలో పట్టణాధ్యక్షుని ఓటర్లే నేరుగా ఎన్నుకొనిరి. 2005లో ఆ పద్ధతి పోయి, కౌన్సిలర్లు తమలోనొకరిని ఎన్నుకొను పద్ధతి వచ్చెను. ఇది అన్యాయమైన పద్ధతి యని మేమనము. మాంచెస్టరు నగర సంఘమునకు నాయకుని ఎన్నుకొనువారును కౌన్సిలర్లే. అయితే అచ్చట గెలిచిన కౌన్సిలరు ఆ రాత్రి తన ఇంటికి బోయి నిద్రించును. మనవద్ద గెలిచినవారిని బస్సులలో నెక్కించి, చరవాణులు పుచ్చుకొని, దూరప్రదేశపు విడిదులలో దాచి, అధ్యక్షుని ఎన్నిక ఘడియకు దెచ్చి సభలో దింపుదురు. దీనికి క్యాంపు అని పేరు. వార్డు ప్రజలు నాలుగు దినముల క్రిందట దండవేసిన మనిషి ఎచ్చటనున్నాడో వార్డు ప్రజలకే తెలియదు. దొంగలు ఎత్తుకొని పోదురేమో యన్నట్లు ప్రతి పక్షమును తన సొత్తును తానే దాచుకొనుచుండ, ఆ సొత్తు తమదని యెరిగిన ఓటర్లు వీధి కొళాయి కడ నిలిచి చూచుచుందురు.

అంతకన్న విపరీతమైనది పదవీరీత్యా సభ్యుల ఓటు. శాసనసభ్యులు, శాసనమండలి సభ్యులు, లోకసభ, రాజ్యసభ సభ్యులు పట్టణ సంఘమున సభ్యులై కూర్చుండుట మంచిదే. రాష్ట్రపు సొమ్ము పట్టణమునకు దెచ్చుటకు వారి మాట ఉపకరించును. కాని వారికి అధ్యక్షుని ఎన్నికలో ఓటు గూడ నిచ్చిరి. దాని ఫలము 2020 జనవరిలోనే లోకమునకు దెలిసెను. తుక్కుగూడలో 15 వార్డులకు భారతీయ జనతా పార్టీ 9 గెలిచెను. ఏ పంతులుగారి బడిలోనైనను 15లో 9 సగముకన్న ఎక్కువే. అయినను అధ్యక్ష పీఠము పదవీరీత్యా ఓట్ల బలముతో తెలంగాణ రాష్ట్ర సమితికి బోయెను. నేరేడుచర్లలో 15 వార్డులందు ఇరువైపుల బలము ఇంచుమించు సమముగా నిలువగా, కాంగ్రెసువారు ఒక రాజ్యసభ సభ్యుని ఓటును దెచ్చిరి; అధికార పక్షమువారు ఒక శాసనమండలి సభ్యుని దెచ్చి లెక్క సరిచేసికొనిరి. ఆ పట్టణపు ఓటరు చేసిన పని యేమన, ఇరువైపులవారికిని ఇంకెన్ని ఓట్లు బయటినుండి తెప్పించుకొనవలెనో తెలియజెప్పుట మాత్రమే. ఈ పనిలో ఒక పక్షము దోషి, మరియొకటి నిర్దోషి యని చెప్పుటకు వీలులేదు. అవకాశము దొరకినవాడు వాడుకొనెను, దొరకనివాడు ధర్మపన్నములు వల్లించెను.

ఈ రోగము క్రొత్తది గాదు. ఇంగ్లండువారును దీనిని అనుభవించిరి. 1835లో వారి పార్లమెంటు పురపాలక చట్టము చేసినప్పుడు, ప్రజలెన్నుకొన్న కౌన్సిలర్లు ముగ్గురికి ఒకరు చొప్పున ఆల్డర్మెను అనువారిని నియమించిరి. వీరిని ప్రజలెన్నుకొనరు, కౌన్సిలర్లే ఎన్నుకొందురు; పదవి ఆరేండ్లు. అనుభవజ్ఞులైన పెద్దలు సంఘమున నుండిన మేలని యుద్దేశము. జరిగిన దేమనగా, వార్డులలో ఓడిన పక్షమే పాత ఆల్డర్మెనుల ఓట్లతో నగరమును పట్టుకొని కూర్చుండ నారంభించెను. ఆల్డర్మెనుల ఎన్నికలో ఆల్డర్మెనులే ఓటు వేయరాదని 1910లో ఒక చట్టము చేయవలసి వచ్చెను. అదియు చాలలేదు. తుదకు 1972 చట్టముతో ఆ పదవినే తీసివేసిరి. 1974 మొదలు ఆ దేశపు చాలా నగరములలో ఆ పేరు కేవలము గౌరవ బిరుదుగా మిగిలినది. ఒక దోషమును గుర్తించి తొలగించుటకు వారికి నూట ముప్పదియేండ్లకు పైగా పట్టెను. మనము వారి గుడ్డలు మాత్రము తెచ్చుకొని, వారు విప్పి పారవేసిన చొక్కాను గూడ కోరి తొడిగికొంటిమి. 2019 పురపాలక చట్టము చేయునప్పుడు దీనిని సవరించుటకు అవకాశము వచ్చినది, పోయినది.

ఆ చట్టమే అధ్యక్షునిపై మూడేండ్లవరకు అవిశ్వాస తీర్మానము రాకుండ కట్టడి చేసెను. ఈ కట్టడి మంచిదే. కాని మూడేండ్లు నిండిన 2023 జనవరి దాటగనే పలు పట్టణములలో తీర్మానపు నోటీసులు కలెక్టరు కచేరీకి వరుసగట్టెను. ఒక పక్షపు కౌన్సిలర్లు తమ పక్షపు అధ్యక్షునిమీదనే సంతకములు పెట్టిరి. 2023 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వము మారిన పిమ్మట ఈ వరుస మరింత పొడవాయెను. క్యాంపులు మరల వెలసెను. మురుగు కాలువలు మాత్రము ఉన్నచోటనే యుండెను.

ఇంతవరకు చెప్పినది తీర్పు వక్రించు విధము. అసలు తీర్పే లేకుండ జేయు విధము వేరొకటి యున్నది, మా మనస్సునకు అదియే గొప్ప హాని. 1993 జూన్ 1న అమలులోనికి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ ఏమి చెప్పినది? పురపాలక సంఘపు ఆయువు అయిదేండ్లు. ఆ గడువు తీరకముందే క్రొత్త ఎన్నిక ముగియవలెను. ఇందులో వ్యాఖ్యానమునకు చోటులేదు. 2006లో అహమ్మదాబాదు వ్యాజ్యమున సుప్రీము కోర్టు ఈ మాటనే తిరిగి చెప్పెను. ఇక మన లెక్క చూడుడు. 2005లో ఏర్పడిన సంఘముల గడువు 2010 సెప్టెంబరుతో తీరెను. మరల ఓటు పడినది 2014 మార్చి 30న. పెట్టెలు విప్పినది మే 12న. అధ్యక్షులు కూర్చున్నది జూలైలో, అప్పటికి రాష్ట్రమే రెండైనది. ఆ సంఘముల గడువు 2019 జూలైలో తీరగా, క్రొత్తవారు వచ్చినది 2020 జనవరి తుదిని. వారి గడువు 2025 జనవరి 26న తీరెను. మరునాటినుండి ప్రత్యేకాధికారులు వచ్చిరి. 2025 సంవత్సరమంతయు వారి పాలనలోనే గడచెను.

ఈ విరామములను కూడిన అరువది నెలలు దాటును. అనగా జనగామవంటి పాత పురపాలక పట్టణమున ఒక సంఘపు పూర్ణాయుర్దాయము ఎన్నిక లేకయే ఖర్చైపోయినది. ఈ పాపము ఏ ఒక్కరి ఖాతాలోనిదియు గాదు. మొదటి విరామమున కాంగ్రెసు ప్రభుత్వము, రెండవదానిలో తెలంగాణ రాష్ట్ర సమితి, మూడవదానిలో మరల కాంగ్రెసు. ప్రతిపక్షమున నున్నప్పుడు ప్రతివారును రాజ్యాంగమును చేతబట్టుకొందురు, గద్దెనెక్కిన పిదప దానిని బీరువాలో భద్రపరతురు.

వారు చెప్పు కారణములు లేకపోలేదు. వార్డుల సరిహద్దులు తేలలేదందురు, వెనుకబడిన తరగతుల భాగము తేలలేదందురు, న్యాయస్థానమున వ్యాజ్యమున్నదందురు. వెనుకబడిన తరగతులు తమ న్యాయమైన భాగము నడుగుట ధర్మము. దానిని మేము తేలికగా నెంచము. కాని గడువు ఎప్పుడు తీరునో అధ్యక్షుడు ప్రమాణము చేసిన దినముననే తెలియును గదా! పెండ్లి ముహూర్తము అయిదేండ్ల ముందు నిశ్చయమై యుండగా, ఆ ఉదయమున పందిరి గుంజలకు బయలుదేరిన గృహస్థుని ఏమందుము? 2021 ఏప్రిల్ 30న, కరోనా మహమ్మారి రెండవ విజృంభణము మిన్నంటియున్న దినములలో, మన పొరుగుననే వరంగల్లులోను ఖమ్మములోను పోలింగు జరిపించిరి. పాలకులకు ఇష్టమైనప్పుడు చావునకు వెరవని ఎన్నిక, ఇష్టము లేనప్పుడు ఒక పట్టికకు వెరచి నిలిచిపోవునా?

ఇంగ్లండును మేము తలకెత్తుకొనుట లేదు. అచ్చటను 2025లో తొమ్మిది చోట్ల సంఘముల ఎన్నికలను ప్రభుత్వము ఒక యేడు వాయిదావేసెను. బర్మింగుహాము సంగతి మరింత శోచనీయము. 1873 మొదలు మూడేండ్లు జోసెఫు చేంబర్లేను మేయరుగానుండి, గ్యాసు కంపెనీలను, నీటి కంపెనీని నగరమునకు కొనిపెట్టి, పట్టణ పాలనకు మాదిరి చూపిన నగరమది. 101 మంది కౌన్సిలర్లు గల ఆ సంఘమే 2023 సెప్టెంబరులో తన ఆదాయము వ్యయమునకు చాలదని ప్రకటించుకొనెను. లండనునుండి కమీషనర్లు వచ్చిరి. 2025లో పారిశుద్ధ్య కార్మికుల సమ్మె వలన చెత్త వీధులలో గుట్టలు పడెను. కాని ఒక భేదమును గమనింపుడు. కమీషనర్లు వచ్చినను కౌన్సిలర్లు ఇంటికి బోలేదు. సభ జరుగుచునే యుండెను, ప్రశ్నలు వేయుచునే యుండిరి, పన్ను పెంచినప్పుడు చేతులెత్తినవారి పేర్లు పత్రికలకెక్కెను. మనకు ప్రత్యేకాధికారి వచ్చిననాడు సభామందిరమునకు తాళము పడును. ఆ అధికారి యోగ్యుడే కావచ్చును, మన కౌన్సిలర్లకన్న చురుకైనవాడును కావచ్చును. కాని వీధి దీపము వెలుగని వాడు అతనిని ఏ వార్డులో వెదకవలెను? అతనిని ఓడింపవలెనన్న ఎచ్చట ముద్ర వేయవలెను?

జనగామ ప్రాంతమువారికి ఈ మాట వేరుగ చెప్పనక్కరలేదు. సర్కారు జిల్లాలలో భీమునిపట్టణమునకు 1861లోనే పురపాలక సంఘము గలదు. టంగుటూరి ప్రకాశం పంతులుగారు రాజమహేంద్రవర పురపాలక సంఘాధ్యక్షులుగా నుండి, తరువాత దేశ నాయకులైరి. నిజాము రాజ్యపు తెలుగు తాలూకాలలోని మన తాతలకు ఆ శిక్షణ లభింపలేదు. సభ జరుపవలెనన్న ముందుగా అనుమతి పొందవలెనన్న గస్తీ నిషాన్ 53 క్రింద వారు దినములు గడపిరి. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య దొరల తుపాకి గుండుకు నేలగూలినది ఈ నేలమీదనే. ఆనాడు ప్రజలెదిరించినది అడుగుటకు వీలులేని అధికారమును. నేటి ప్రత్యేకాధికారిని దొరతో పోల్చుట అన్యాయము, మేమట్లు పోల్చము. అడుగుటకు వీలు మాత్రము నాడును లేదు, ఈ విరామములందును లేదు.

భూపాలపల్లి సంగతి మరొక చిత్రము. అచ్చటి సింగరేణి కార్మికులు తమ గుర్తింపు సంఘమును రహస్య బ్యాలెట్టుతో ఎన్నుకొందురు. ఆ ఎన్నిక 2017 అక్టోబరు తరువాత 2023 డిసెంబరు 27నగాని జరుగలేదు. బొగ్గుబావిలో దిగువానికి బావి పైనను ఓటు ఆలస్యమే, ఇంటికి వచ్చిన పిదప పట్టణములోను ఆలస్యమే.

కావున ప్రభుత్వమును మేము కోరునది స్వల్పము. ఇంగ్లండులో నగర సంఘముల ఎన్నికలు సాధారణముగా మే నెల మొదటి గురువారమున జరుగునని చట్టమే చెప్పుచున్నది. మంత్రికి పంచాంగము చూచు శ్రమ లేదు. అట్లే ఇచ్చటను గడువునకు ఆరు నెలల ముందే వార్డుల హద్దులు, రిజర్వేషన్లు ప్రకటింపబడవలెనని, ప్రకటింపబడనిచో పాత పట్టికతోనే ఎన్నికల సంఘము పోలింగు జరుపవలెనని చట్టమున వ్రాయవలెను. అధ్యక్షుని ఎన్నికలో పదవీరీత్యా సభ్యుల ఓటు తీసివేయవలెను. వారు సభలో మాటలాడవచ్చును, సలహా చెప్పవచ్చును.

పఠన మందిరముల వారికిని ఒక పని యున్నది. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము స్థాపించినవారు పత్రికలు చదువుటకే గాక లోకమును విచారించుటకును గూడిరి. మీ మందిరపు గోడమీద ఒక తెల్లకాగితము అంటింపుడు. వార్డు సంఖ్య, గెలిచినవారి పేరు, వచ్చిన ఓట్లు, అధ్యక్షుని ఎన్నికలో ఎవరికి చేయెత్తెనన్న సంగతి, నాటి పక్షము, నేటి పక్షము వరుసగా వ్రాయుడు. అడుగున ఆ సంఘపు గడువు తీరు తేదీని ఎఱ్ఱసిరాతో వ్రాయుడు. ఆ తేదీకి ఆరు నెలల ముందు కలెక్టరుగారికి పోవలసిన అర్జీని ఇప్పుడే వ్రాసి, తేదీచోటు ఖాళీగా విడిచి, బల్ల సొరుగులో నుంచుడు.