సేవ చేసే అమ్మని ఎవరు చూస్తారు?

ఒకప్పుడు మన తల్లిదండ్రులు అమెరికా వచ్చేది ఎక్కువగా పురుళ్ళకు, ఆర్నెల్ల వీసా మీద. ఇప్పుడు బాతెల్ చుట్టుపక్కల మన ఇళ్ళలో గ్రీన్‌కార్డుతో ఉండిపోయిన పెద్దలు కూడా ఉన్నారు. డెబ్బై దాటిన ఆ జంటలో నాన్నకి పక్షవాతమో, మతిమరుపు జబ్బో వస్తే పగలంతా దగ్గరుండేది అమ్మే. మనం ఆఫీసులో ఉంటాం. కొన్ని ఇళ్ళలో ఈ బాధ్యత నాన్న మీద పడుతుంది.

దీని పర్యవసానం చిన్నది కాదు. 1999లో షుల్జ్, బీచ్ అనే పరిశోధకులు జామా పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. 66 నుంచి 96 ఏళ్ళ వయసులో భాగస్వామికి సేవ చేస్తూ ఒత్తిడికి లోనవుతున్నవారిలో, ఆ బాధ్యత లేనివారికంటే, నాలుగేళ్ళలో మరణించే ముప్పు 63 శాతం ఎక్కువని తేలింది. సేవ చేస్తున్నా ఒత్తిడి లేనివారిలో అంత తేడా కనబడలేదు.

డిప్రెషన్ అన్న మాట అమ్మ నోట రాదు. నిద్ర పట్టటం లేదు, అన్నం సయించటం లేదు, ఒళ్ళంతా నొప్పులు అంటుంది. మనం వయసు అనుకుని ఊరుకుంటాం. మన ఊళ్ళో అయితే పక్కింటివాళ్ళో, చెల్లెలో వచ్చి కాసేపు కూర్చునేవారు. ఇక్కడ చాలామందికి కారు నడపటం రాదు, డిసెంబరులో నాలుగున్నర కాకుండానే చీకటి.

మరి ఈ రాష్ట్రంలో ఆసరా ఏమిటి? 2023 జూలై నుంచి మన జీతంలో 0.58 శాతం తీసుకుంటున్న డబ్ల్యూఏ కేర్స్ పథకం ప్రీమియం కట్టినవారికే. ఇక్కడ ఉద్యోగం చెయ్యని తల్లిదండ్రులకు వర్తించదు. మనకు పనికొచ్చేది పెయిడ్ ఫ్యామిలీ లీవు. 2020 జనవరి నుంచి అమలులో ఉన్న ఈ సెలవు తల్లిదండ్రులు, అత్తమామల తీవ్ర అనారోగ్యానికీ దొరుకుతుంది. డాక్టరు ధ్రువీకరిస్తే ఏడాదికి 12 వారాల వరకు, వారానికొక రోజు చొప్పున కూడా వాడుకోవచ్చు. బిడ్డ పుడితే సంకోచం లేకుండా తీసుకునే మనం, నాన్న కోసం అడగటానికి మేనేజరు ఏమనుకుంటాడో అని వెనకాడతాం. ఆ ఒక్క రోజు నాన్నని మనం చూసుకుంటే, అమ్మ బాతెల్ గుడికో, నార్త్‌షోర్ సీనియర్ సెంటర్‌కో వెళ్ళిరాగలదు.

జీతం లేకుండా ఇంట్లో సేవ చేసేవారికోసం రాష్ట్రం నడిపే ఫ్యామిలీ కేర్‌గివర్ సపోర్ట్ ప్రోగ్రాం కూడా ఉంది. బాతెల్ కింగ్, స్నోహోమిష్ కౌంటీలు రెండింటిలోనూ విస్తరించి ఉంది కాబట్టి, మీ ఇల్లు ఏ కౌంటీలోకి వస్తుందో చూసుకుని అక్కడి వృద్ధుల సేవల కార్యాలయంలో అడగాలి.

అన్నిటికంటే ముందు, అమ్మ పేరున విడిగా ఒక డాక్టరు అపాయింట్‌మెంటు తీసుకోండి. నాన్న మందుల సంచీ పట్టుకుని పక్కన కూర్చున్నంతకాలం ఆమెని ఎవరూ రోగిగా చూడరు. ఆసుపత్రిని తెలుగు అనువాదకుణ్ణి ఏర్పాటు చెయ్యమనండి. కొడుకే అనువాదం చేస్తుంటే, బిడ్డ బాధపడతాడని ఆమె అసలు సంగతి దాచేస్తుంది. బతకాలని లేదన్న మాట వస్తే తేలిగ్గా తీసుకోకండి. 988కి ఏ వేళనైనా ఫోన్ చెయ్యవచ్చు.

పండగలకు హాళ్ళు నింపే మన సంఘాలు, వారానికి రెండు గంటలు ఇలాంటి ఇంట్లో కూర్చోవటానికి పదిమందిని కూడగట్టలేవా?