పొద్దున్నే మొరాయించే కారు

కార్తీకం దాటి చలి ముదరగానే మన సభ్యుల ఇళ్ళలో ఏటా వినవచ్చే ఫిర్యాదు ఒకటున్నది: “పొద్దున పూట కారు ఒక పట్టాన స్టార్టు కావడం లేదు.” కోరాపుట్, జయపురం కొండల్లోనూ, నాగపూరులోనూ, బెంగళూరులోనూ ఉన్నవారికి ఇది చలికాలపు తలనొప్పి. యానాం వారు “మాకు చలెక్కడిది?” అని నవ్వవచ్చు. కాని యంత్రానికి చలి అంటే వాతావరణం ఒక్కటే కాదు. నడుస్తున్న ఇంజను సుమారు 90 డిగ్రీల వేడిమీద ఉంటుంది. రాత్రంతా నిలిపి ఉంచితే బయటి గాలితో సమానంగా చల్లారిపోతుంది. అలా చల్లారిన ఇంజనును లేపడమే కష్టం. కనుక ఈ నెల మాట అందరికీ పనికివచ్చేదే.

ఇది చిన్న విషయమని తోసివేయడానికి లేదు. మన ఇళ్ళలో చాలాచోట్ల పిల్లలు ఉద్యోగరీత్యా దూరాన ఉన్నారు. ఇంట మిగిలినది పెద్దవాళ్ళూ, ఒక కారూను. ప్రాణాపాయమైతే 108కి ఫోను చేయడం ఎలాగూ ఉన్నది. అయినా తెల్లవారుజామున ఆసుపత్రికో, రైలుకో బయలుదేరిన వేళ కారు మొరాయిస్తే కాళ్ళూ చేతులూ ఆడవు. పోనీ బాగుచేయిద్దామంటే, కారణం తెలుసుకోకుండా ముందు బాటరీ, తరువాత సెల్ఫు మోటారు, ఆ తరువాత ప్లగ్గులు, ఇలా వరుసగా మార్చుకుంటూ పోయేవారున్నారు. వేలకు వేలు ఖర్చవుతాయి. జబ్బు మాత్రం అలాగే ఉంటుంది. వైద్యుడు మందిచ్చే ముందు నాడి చూస్తాడు గదా! ఇక్కడా అంతే.

ఈ నాడి చెవితో చూడవలసినది. సెల్ఫు కొట్టినప్పుడు వచ్చే చప్పుడు జాగ్రత్తగా వినండి. ఇంజను బరువుగా, ఈడ్చుకుంటూ, ఆగి ఆగి తిరుగుతున్నదా? లేక రోజూలాగే చురుకుగా తిరుగుతూ, అందుకోవడానికి మాత్రం ఆలస్యం చేస్తున్నదా? “నెమ్మదిగా స్టార్టవుతోంది” అనే ఒక్క మాట వెనుక ఈ రెండు వేర్వేరు జబ్బులున్నాయి. మొదటిదానికి కరెంటు చాలడం లేదు. రెండవదానికి పెట్రోలో, నిప్పురవ్వో సరిగా అందడం లేదు. ఒకదాని మందు ఇంకొకదానికి పనిచేయదు.

మొదటిదాని సంగతి చూద్దాం. చలిలో బాటరీ లోపలి రసాయన క్రియ మందగిస్తుంది. ఇంజను ఆయిలు కూడా చిక్కబడి, తిప్పడానికి ఎక్కువ బలం కావలసి వస్తుంది. బలం తగ్గిన వేళే బరువు పెరుగుతుందన్నమాట. అయితే బాటరీని నిజంగా పాడుచేసేది చలి కాదు, ఎండాకాలపు వేడి. మే నెలలో తగిలిన దెబ్బ డిసెంబరులో బయటపడుతుంది. నింద చలికి వస్తుంది.

కొన్ని వందల రూపాయలకు దొరికే మీటరు ఇంట ఉంచుకోవడం మంచిది. ఉదయం, బండి తీయకముందు, బాటరీకి పెట్టి చూడండి. 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు. 12.2 ఉంటే సగానికి వచ్చినట్టు. 12కు దిగితే దాదాపు ఖాళీ. తరువాత ఒకరు సెల్ఫు కొడుతుండగా మరొకరు మీటరు చూడాలి. 9.5కు దిగువకు జారిపోతే బాటరీని అనుమానించవలసిందే. జారకుండా నిలిచినా ఇంజను బరువుగానే తిరుగుతుంటే అప్పుడు వైర్లనూ, సెల్ఫు మోటారునూ చూపించాలి.

బాటరీ మార్చే ముందు దాని కొనల దగ్గర తెల్లగానో పచ్చగానో ఉప్పు పూసిందేమో చూడండి. తేమగాలి తగిలే ఊళ్ళలో ఇది మరీ ఎక్కువ. నెగటివు వైరు ముందు విప్పి, వంటసోడా కలిపిన వేడినీళ్ళతో కడిగి, పొడిగా తుడిచి, వాజిలీను రాసి, నెగటివును చివర బిగించాలి. ఆ నీళ్ళు బాటరీ లోపలికి పోనివ్వకూడదు. ఆ దరిదాపుల్లో బీడీ, సిగరెట్టు పనికిరావు. బాటరీనుండి వచ్చే వాయువు అంటుకునే గుణం కలది. ఆయిలు కూడా బండితో ఇచ్చిన పుస్తకంలో చెప్పిన రకమే పోయాలి. డబ్బామీద 5డబ్ల్యు, 20డబ్ల్యు అని ఉంటుంది. ఆ అంకె ఎంత తక్కువైతే ఆ ఆయిలు చలిలో అంత పలచగా ఉంటుంది.

ఇక రెండవ జబ్బు. చల్లని ఇంజనులో పెట్రోలు సరిగా ఆవిరి కాదు. అందుకే మొదట్లో పెట్రోలు పాలు ఎక్కువ కావాలి. అంబాసిడరు, పద్మిని నడిపిన పెద్దలకు చోకు లాగిన రోజులు జ్ఞాపకం ఉండే ఉంటాయి. ఇప్పటి పెట్రోలు కార్లలో ఆ పని కంప్యూటరు చేస్తుంది. ఇంజను ఎంత చల్లగా ఉన్నదో దానికి చెప్పేది ఒక చిన్న సెన్సరు. అది చల్లని ఇంజనును వేడిగా ఉన్నదని అబద్ధం చెబితే పెట్రోలు చాలదు. మెకానిక్కు దగ్గర ఉన్న స్కానరుతో, ఉదయం స్టార్టు చేయకముందే చూస్తే ఆ అబద్ధం తేలిపోతుంది. రాత్రంతా నిలిచిన ఇంజను వేడి బయటి గాలి వేడికి దగ్గరగా కనిపించాలి.

ఇంట్లోనే చేయదగిన పరీక్ష మరొకటున్నది. తాళంచెవిని సెల్ఫు దాకా పోనివ్వకుండా ‘ఆన్’ వరకే తిప్పి, మూడు సెకనులు ఆగి, ఆపండి. ఇలా రెండు మూడుసార్లు చేసి అప్పుడు సెల్ఫు కొట్టండి. వెంటనే అందుకుంటే, గొట్టాలలో పెట్రోలు వత్తిడి రాత్రిపూట జారిపోతున్నదని అనుమానించవచ్చు; పెట్రోలు పంపునూ ఇంజెక్టర్లనూ చూపించాలి. తేడా లేకపోతే ప్లగ్గుల వైపు చూడాలి. డీజిలు బండ్లలో స్ప్రింగు ఆకారపు దీపం ఆరిపోయేవరకు ఆగి సెల్ఫు కొట్టాలి. అలా ఆగినా వణుకుతూ, తెల్లపొగ వదులుతూ లేస్తే హీటరు ప్లగ్గులు చూపించాలి.

ఏ జబ్బయినా సెల్ఫును పది సెకనులకు మించి ఒకే బిగిన కొట్టకూడదు, అరనిమిషమైనా విరామమివ్వాలి. మూసిన షెడ్డులో ఇంజను నడపనే కూడదు. ఆ పొగలోని విషవాయువుకు వాసన లేదు, ప్రాణం తీస్తుంది.

చివరగా, బండిని పగటిపూట నడుపుకుంటూ గరాజుకు తీసుకుపోతే అది వేడెక్కి, ఏ జబ్బూ లేనట్టు నటిస్తుంది. రాత్రికి అక్కడే వదిలి, తెల్లవారి మెకానిక్కు చేతనే మొదటి సెల్ఫు కొట్టించండి. మీరు విన్న చప్పుడు, మీటరు చూపిన అంకె, ఎన్ని సెకనులకు అందుకున్నది, ఎంతసేపు నిలిపిన తరువాత: ఈ నాలుగూ చీటీమీద రాసి ఇవ్వండి. చీటీ పట్టుకొని వచ్చినవారికి అక్కరలేని సామాను అంటగట్టడం ఎవరికైనా కష్టమే.